రాగి పీకి గడ్డి పెంచిన మా బాల్వాడి

మా చిన్నప్పుడు... డెంకణికోట పక్కన మా ఊరి బాల్వాడిలో పలకల కంటే మన్నుతోనే ఎక్కువ పని! ఎండ ముదరకముందే టీచరమ్మ మమ్మల్నందరినీ బయటికి తోలేది. వాకిట్లో చాపంత మడి చేసి, మా చేత రాగులు చల్లించింది. మొలకలు వచ్చాక కలుపు తీయడమే మా పాఠం...

నాకప్పుడు నాలుగేళ్లు. ఒకరోజు మోచేతుల దాకా ఎర్రమన్ను పూసుకొని కూర్చున్నాను. గొర్రెలు తోలుకొని పోతున్న మా నాన్న చూశాడు. బడి గడప ఎప్పుడూ తొక్కని మనిషి, నేరుగా లోపలికి వచ్చేశాడు.

"ఏం టీచరమ్మా! నాలుగక్షరాలు వస్తాయని పంపినాను. మన్ను పిసికేదానికి ఈడిదాకా రావల్నా? మా ఇంటికాడ లేదా మన్ను? రా పాపా, పోదాం. రేపట్నుంచి గొర్రెపిల్లల్ని చూసుకుందువు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది... మా ఇంట్లో అంతవరకూ ఎవరూ చదువుకోలేదు. ఆ రోజు వెళ్లిపోయి ఉంటే నేనూ అంతే.

టీచరమ్మ క్రిష్ణగిరి టౌన్లో పెరిగిన మనిషి. వాదించలేదు. "పిలుచుకొని పోప్పా. పోయే ముందర మా పైరు ఎట్లుందో ఒక్క మాట చెప్పి పో" అంది.

నాన్న వంగి మడిని చూశాడు. మేం పీకి పక్కన వేసిన కుప్పను చూశాడు. పకపకా నవ్వాడు.

"అయ్యో నా తల్లీ! రాగంతా పీకేసి గడ్డిని సాకతా ఉండారే!"

టీచరమ్మ మొహం చూడాలి అప్పుడు! "రెండూ ఒకే మాదిరి ఉంటే నాకేం తెలుసప్పా? నువ్వే చెప్పు పిల్లోళ్లకి."

నాన్న తలగుడ్డ తీసి పక్కన పెట్టి గొంతుక్కూర్చున్నాడు. కుప్పలోంచి ఒక రాగి మొక్క, మడిలోంచి ఒక గడ్డి మొక్క తీశాడు. "ఆకు చూస్తే మోసపోతారు. వేరుకి పైన మొదులు తడిమి చూడండప్పా..." అంటూ ఒక్కొక్కరి వేలు పట్టుకొని చూపించాడు. మన్ను వాసన చూడమన్నాడు. వానపామును అరచేతిలో పెడితే మేం ఒకటే కేకలు, నవ్వులు... ఇంతలో గొర్రెలు పక్క చేలో పడ్డాయని ఎవరో అరిస్తే లేచి పరుగెత్తాడు.

నన్ను తీసుకుపోవడమే మరిచిపోయాడు!

మరునాడు తానే నా తల దువ్వి పంపాడు. "టీచరమ్మను కొంచెం చూసుకో పాపా, పాపం ఆమెకేం తెల్దు" అన్నాడు.

ఇప్పుడు నేను ఫ్యాక్టరీల నడుమ ఉన్న మూకండపల్లిలో చిన్నపిల్లల బడి టీచర్ని. బడి ముందరంతా సిమెంటే... తొట్లలో మన్ను పోసి విత్తనాలు వేయిస్తున్నాను. యూనిఫాం మాసిందని అమ్మలు పోట్లాటకొస్తారు. వాళ్లనే తొట్టి ముందు కూర్చోబెడతాను! ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్లలో చాలామంది చేలల్లో పెరిగినవాళ్లే. చేతికి మన్ను తగిలితే చాలు, కబుర్లు ఆగవు. షిఫ్టు టైం అయ్యేదాకా మాత్రమే... అదే బాధ.

మీ చేత మొదటి విత్తనం నాటించింది ఎవరు? ఇక్కడ రాయండి... రేపు మా పిల్లలకు చదివి వినిపిస్తాను.