గోడను నెట్టిన బర్రె

కోదాడలో మా వంటింట్లో వెల్లుల్లి దంచినప్పుడల్లా నడిగూడెంలోని మా పశువుల కొట్టం గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు ఒకసారి, కొట్టం వెనక పగిలిపడి ఉన్న పాత ట్రాక్టర్ బ్యాటరీలోని బూడిదరంగు ముద్దను మా బర్రె నాకి, మేత మానేసి పడుకుంది. నాయనమ్మ వెల్లుల్లి, మునగాకు కలిపి నూరి, ఆ రసాన్ని వెదురు గొట్టంతో దాని గొంతులో పోసింది. కాసేపటికి బర్రె లేచి, నుదుటితో గోడను నెట్టసాగింది.

"నాయనమ్మా, మందు పనిచేసింది! ఎంత బలమొచ్చిందో సూడు!" అని గంతులేశాను.

"అవు బిడ్డా. ఇంకిన్ని ఎల్లిపాయలు పట్టుకరా," అంది, నా వైపు చూడకుండా.

బ్యాటరీలోని ఆ ముద్ద సీసమనీ, అది మెదడుకెక్కిన పశువు అలాగే గోడను నెడుతుందనీ పెద్దయ్యాక తెలిసింది. సీసం పేరు తెలియకపోయినా, బర్రె ఇక దక్కదన్న సంగతి నాయనమ్మకు అప్పుడే అర్థమై ఉంటుంది. అయినా బర్రె కూలబడేదాకా, నేను తెచ్చిన వెల్లుల్లంతా దంచుతూనే ఉంది.