మా నీళ్లు బాగుండాయా?

ఎగువపల్లె తిరుమలయ్యకు మనుషుల క్షేమంతో పనిలేదు, నీళ్ల క్షేమమే కావాలి. మా దిగువపల్లె వాళ్లు ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "మా నీళ్లు బాగుండాయా అప్పా?"

వాళ్ల చెరువు నిండి, మేం మొరవ అనే అలుగు మీదుగా పొర్లితేనే ఆ నీళ్లు కాలవలో దిగి మా చెరువుకొస్తాయి. మాదీ నిండితే స్వర్ణముఖిలో కలుస్తాయి. అంతమాత్రానికే ఆయన ఆ నీళ్లను మా ఊరికిచ్చిన కూతురిలా చూసేవాడు. ఒకసారి మా ఊళ్లో పెళ్లిభోజనానికొచ్చి, నీళ్ల గ్లాసు పైకెత్తి చూసి, "చిక్కిపోయినాయే! సరిగ్గా సూసుకోలేదా?" అన్నాడు. నాయుడుపేట బస్సు కండక్టరునూ వదల్లేదు.

"మా నీళ్లు మీ పక్కకు వచ్చినాయా అబ్బా?"

"నా బస్సులో రాలేదు పెద్దాయనా. నేను టికెట్టు కొట్టలే."

మా నాయనకు మాత్రం ఒళ్లు మండేది. "నాలుగు చుక్కలిచ్చి దినామూ దెప్పుతాండాడు" అంటూ, ఆయన కనబడితే చాలు సందు మారేవాడు.

నిరుడు వానలు ఆలస్యమయ్యాయి. చెరువు ఎండి, మా తాగునీటి బోరు బురద కక్కడం మొదలుపెట్టింది. చివరికి ఎగువ చెరువు నిండిందన్న రోజే, వాళ్లు మొరవకు అడ్డంగా ఇసుక మూటలు వేస్తున్నారని తెలిసింది. నాయనా నేనూ పరుగెత్తాం.

మొరవ మధ్యలో, ఇసుక మూట మీదే, పసుపు కుంకుమల పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిరుమలయ్య కూర్చుని ఉన్నాడు.

"లెయ్ పెదనాయనా" అంటున్నాడు మూటలు వేయించిన మునిప్రసాద్. "మన నీళ్లు మనం పెట్టుకుంటే తప్పేముండాది?"

"కూతురు మనదే గదా అని పుట్టింట్లోనే పెట్టుకుంటామా? ఆడ ఊరంతా కాసుకోని ఉండాది. బోరులో బురద వస్తాండాదంట."

"నీకెవరు చెప్పినారు?"

"దినామూ అడుగుతాండా గదరా! మరెందుకనుకున్నావు?"

మునిప్రసాద్ నవ్వు ఆపుకోలేక, వంగి మొదటి మూట తానే లేపాడు.

తిరుమలయ్య నీళ్లలో పసుపు కుంకుమలు వదిలి మా నాయన వైపు తిరిగాడు. "జాగర్తగా తీసకపో అప్పా."

"బాగా సూసుకుంటాం బావా" అన్నాడు నాయన. ఆయన్ను వరస పెట్టి పిలవడం అదే మొదలు.

కార్తీకంలో మా చెరువూ మొరవ పారింది. ఆ వారం శ్రీకాళహస్తి సంతలో మాకు దిగువన స్వర్ణముఖి ఒడ్డునున్న ఊరి మనిషొకడు కనబడితే, నాయన చెయ్యిపట్టి ఆపాడు.

"మా నీళ్లు బాగుండాయా అప్పా?"

ఆ మనిషి నాయనను ఎగాదిగా చూసి, గబగబా పక్క సందులోకి తిరిగాడు.