అరవై ఏడేళ్లకు తీరే అప్పు

మదీనాగూడలో ఫ్లాట్ కొన్నప్పుడు నాకు ముప్పై ఐదేళ్లు. ఇరవై ఏళ్ల గృహరుణం. యాభై ఐదుకల్లా అప్పు తీరిపోతుంది, ఆ తర్వాత హైటెక్ సిటీ ముఖం చూడక్కర్లేదు అనుకున్నాను. జీతం పడిన మూడో రోజున వాయిదా దానంతటదే కట్ అయ్యేది. ఆ మొత్తం ఎప్పుడూ మారలేదు, అందుకే నేనూ పట్టించుకోలేదు.

మా అమ్మ రిటైరైన నర్సు. కూకట్‌పల్లిలో మా చెల్లి దగ్గర ఉంటుంది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. మాటల్లో, వడ్డీ రేట్లు పెరిగాయట, నీకెంత పెరిగిందని అడిగింది. ఏమీ పెరగలేదు, అదే వాయిదా కడుతున్నానన్నాను. అమ్మ నమ్మలేదు.

"వడ్డీ పెరిగి వాయిదా పెరగలేదంటే, ఆ పెరిగింది ఇంకెక్కడో చేరుంటుందే. కాగితం తియ్యి, చూద్దాం."

ఫోన్‌లో బ్యాంకువాళ్ల తాజా వాయిదాల పత్రం తెరిచి చివరి వాయిదా తేదీ చూశాను. వేళ్లమీద రెండుసార్లు లెక్కేశాను. ఆ తేదీకి నాకు అరవై ఏడేళ్లు వస్తాయి. వాయిదా పెంచకుండా నెలలు పెంచారు. నేను కట్టేదంతా దాదాపు వడ్డీకే పోతోంది. బ్యాంకు కబురు పంపే ఉంటుంది, రోజూ వచ్చిపడే మెసేజ్‌లలో నేను చూసుకోలేదు. పగలంతా ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం నాది. సిగ్గేసింది.

అమ్మ తిట్టలేదు. తన సంగతి చెప్పింది. గుంటూరులో నర్సు ట్రైనింగ్ కోసం తాతయ్య ఒక కొట్టు యజమాని దగ్గర నోటు రాసి అయిదు వందలు తెచ్చాడట. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ యజమాని మొదటి నెల వడ్డీ ముందే మినహాయించుకుని మిగతాది చేతిలో పెట్టాడు. ఉద్యోగం వచ్చాక అమ్మ ఏడేళ్లు నెలనెలా పదిహేను రూపాయలు కట్టింది. అసలు మాత్రం అయిదు వందలుగానే ఉంది. చివరికి ఆసుపత్రిలో పెద్ద నర్సు ఒకావిడ, వడ్డీతోపాటు అసలులో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాయించుకోమని చెప్పింది. ఏడాదిన్నరలో తీరిపోయింది.

"ఆయన మోసం చెయ్యలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే" అంది అమ్మ.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. పోట్లాడాల్సి వస్తుందేమోనని రాత్రంతా మాటలు కూర్చుకుని వెళ్లాను. అక్కడి ఆఫీసరు కంప్యూటర్‌లో నా ఖాతా చూసి, ఏమాత్రం తడుముకోకుండా విషయం చెప్పాడు.

"గిట్ల చానామంది ఉన్నరు మేడం. కొత్తగ తీసుకునేటోళ్లకు రేటు తక్కువున్నది. పాతోళ్లు దరఖాస్తు పెట్టుకుంటే మారుస్తం. జర ఫీజు కట్టాలె, అంతే."

అడక్కపోతే ఏమవుతుందండీ అంది అమ్మ. గట్లనే నడుస్తదమ్మా, అన్నాడాయన కాస్త మొహమాటంగా.

రేటు మారిస్తే ఏడేళ్లు తగ్గుతాయన్నాడు. నెలకు మూడు వేలు అదనంగా కడితే ఇంకా తగ్గుతాయని లెక్క వేసి చూపించాడు. అక్కడే సంతకాలు పెట్టేశాను.

పది రోజులకు, ఆఫీసులో ఉండగా కొత్త పత్రం వచ్చింది. చివరి వాయిదా నాటికి నా వయసు యాభై ఆరు. మీటింగ్ గది ఖాళీగా ఉంటే లోపలికి వెళ్లి కాసేపు ఊరికే కూర్చున్నాను. అమ్మకు ఫోన్‌లో కాకుండా ఎదురుగా చెప్పాలనిపించి, పని ముగించుకుని మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో రైలు మారి సీటు దొరకగానే నిద్ర పట్టేసింది. దిగాల్సిన కూకట్‌పల్లి దాటిపోయి, చివరి స్టేషన్ మియాపూర్‌లో ఎవరో తట్టి లేపారు. ఆ ఆదివారం తర్వాత మొదటిసారి, నిద్ర లేవగానే ఏ దిగులూ గుర్తుకు రాలేదు. నవ్వుకుంటూ వెనక్కి వెళ్లే రైలు ఎక్కాను.