యూపీఎస్‌కు తోక తగిలించిన రోజులు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎకరాలన్నీ గజాలైపోతున్న కాలమది. పొద్దున కందిచేను కనిపించిన చోట సాయంత్రానికల్లా సున్నం గీతలు, రంగు జెండాలు, ఒక కమాను లేచేవి. ఊరంతా ఏదో ఒకటి అమ్మడమో కొనడమో చేస్తుంటే, నేను మాత్రం శేరిగూడలో ఇంజినీరింగ్ అయిపోయిందని చెప్పుకుంటూ (ఎలక్ట్రికల్, నాలుగు సబ్జెక్టులు ఇంకా నన్ను వదల్లేదన్న సంగతి చెప్పేవాణ్ణి కాదు) మా అక్కాబావల ఇంటి ముందుగదిలో ఉన్న బావ ఫోటో స్టూడియోలో కూర్చునేవాణ్ణి. బావ కెమెరా పట్టుకుని పెళ్లిళ్లకు తిరిగేవాడు. కంప్యూటర్ పని నాది. వెంచర్ల కరపత్రాలు, పెళ్లి ఆల్బమ్‌లు, పోయినవాళ్ల ఫోటోలు. ఈ మూడోదాంట్లో నాకు కాస్త పేరుండేది కూడా. బతికినన్నాళ్లూ బనీను మీదే తిరిగిన తాతలకు నేను కోటు తొడిగేవాణ్ణి, ముసలమ్మలకు పట్టుచీర కట్టేవాణ్ణి. (ఉన్నది ఒకటే కోటు, నీలంది. మండలంలో ఎంతమంది తాతలు అదే కోటులో గోడలెక్కారో నాకొక్కడికే తెలుసు.)

కరెంటు రోజుకు రెండుసార్లు పోయేది. ఒకసారి చెప్పి, ఒకసారి చెప్పకుండా. బల్ల కింద యూపీఎస్ ఉండేది కాబట్టి కంప్యూటర్ వెంటనే ఆగేది కాదు. కరెంటు పోగానే ఆ డబ్బా కీచుకీచుమని అరిచేది, ఆ అరుపు వింటే చాలు, నా చెయ్యి దానంతట అదే సేవ్ నొక్కేది. ఆ డబ్బా ముసలిదై చచ్చిపోయాక బావ కొత్తది తెచ్చాడు. దాంతోపాటు ఒక యూఎస్‌బీ తీగ, ఒక సీడీ వచ్చాయి. "ఇదేందో అదనంగ ఇచ్చిండు" అంటూ బావ వాటిని సొరుగులో పడేశాడు. ఇంట్లో ఒక ఇంజినీరు ఉండగా తీగ సొరుగులో పడి ఉండడమా? నేను ఊరుకుంటానా! ఒక ఆదివారం బల్ల కింద దూరి, తీగ ఒక కొసను యూపీఎస్‌కు, ఇంకో కొసను కంప్యూటర్‌కు తగిలించి, సీడీ ఎక్కించాను. తెర మూలన చిన్న బ్యాటరీ బొమ్మ వెలిగింది. నా జన్మ ధన్యమైంది.

"ఇంజినీర్ సాబ్, మంచిగున్నదాన్ని ఖరాబ్ చేస్తున్నవా?" అన్నాడు బావ.

"ఇన్ని రోజులు యూపీఎస్ దారి యూపీఎస్‌ది, కంప్యూటర్ దారి కంప్యూటర్‌ది బావా. ఇప్పుడు గీ తీగతోని రెండు మాట్లాడుకుంటయ్. కరెంటు పోయిందనుకో, అది దీనికి చెప్తది. మూడు నిమిషాలు చూసి, ఇది తనంతట తనే బందైతది. మనం లేకున్నా సరే."

"మనం లేకున్నానా? మరి నువ్వెందుకురా?" అన్నాడు బావ. లోపలి నుంచి అక్క నవ్వడం వినిపించింది.

వాళ్ల ముందే గోడలోని ప్లగ్గు పీకి పరీక్ష చేసి చూపించాను. మూడు నిమిషాలకు కంప్యూటర్ బుద్ధిగా ఆగిపోయింది. అక్క చప్పట్లు కొట్టింది. ఆ పరీక్షలో తెర మీద ఏ పనీ తెరిచి లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు, నాతో సహా. ఆగేముందు నా పనిని కూడా అదే సేవ్ చేస్తుందని నేను అనుకున్నాను. అలాగని ఎక్కడా రాసిలేదు. రాసి ఉన్నది నేను చదవలేదు. పైగా "దాని అరుపుకు పిల్లగాడు నిద్రల ఉలిక్కిపడి లేస్తుండు" అని అక్క అంటే, కొత్త విద్యతో ఆ అరుపును కూడా నోరు మూయించాను. అది అరవడం మానేసింది, నేను సేవ్ నొక్కడం మానేశాను.

పదిహేను రోజులు నిక్షేపంగా గడిచాయి. అప్పుడు కోహెడ నుంచి ఒక తాత వచ్చాడు. గుండు చేయించుకుని తెల్ల తువాలు చుట్టుకున్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక గుంపు ఫోటో. ఆయన పొలం వెంచర్‌వాళ్లు కొన్నాక భూమిపూజ చేసి తీసిన ఫోటో అది. దండలు వేసుకున్న పెద్దమనుషుల వెనక, అంచున, ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కళ్లు, సగం ముక్కు, అంతే కనిపిస్తున్నాయి.

"గీమె నా పెండ్లాం బిడ్డా. రేపు పెద్దకర్మ. గా కొంగు తీసి, మొఖం చెయ్యాలె."

"వేరే ఫోటో లేదా తాతా?"

"ఓటు కారట్ల ఉన్నది, చూడు." చూశాను. (ఆ కార్డుల్లో అప్పట్లో అందరూ ఒక్కలాగే ఉండేవారు, నల్లటి మరకలాగా.)

"కొంగుతోనే పెద్దది చేస్త, మంచిగనే ఉంటది తాతా" అన్నాను, సులువుగా పోతుంది కదా అని.

తాత ఫోటోలోని ఆ కొంగు మీద వేలు పెట్టాడు. "ఆనాడు ఏడ్సింది బిడ్డా, గందుకే కొంగు అడ్డం పెట్టుకున్నది. పొలం అమ్మొద్దన్నది, నేనినలే. గోడ మీద గా ఏడుపు మొఖమే ఉంటె నేను దినాం ఎట్ల చూడాలె? ఆమె ఊకె నవ్వుతుండె. గా నవ్వు పెట్టు."

ఇంక కాదనడం నా వల్ల కాలేదు. పొద్దున పదింటికి మొదలుపెట్టాను. మా దగ్గరున్న పెళ్లి ఫోటోలన్నీ తెరిచి, ఒక్కొక్క ముక్కూ చూపించాను. "గిది సన్నగున్నది. గిది మా సర్పంచి ముక్కు లెక్క ఉన్నది, వద్దు." చివరికి మా మేనత్త ముక్కు నచ్చింది. చాయ్ తెచ్చిన అక్కను చూసి, "గా బిడ్డ గదుమ! అచ్చం గట్లనే" అన్నాడు. అక్క సిగ్గుపడుతూనే నిలబడితే గడ్డం ఫోటో తీసుకున్నాను. నోరు మాత్రం ఎవరిదీ కుదరలేదు. అది చేత్తోనే గీయాల్సి వచ్చింది. "జర వెడల్పు. కుడిదిక్కు జర పైకి. ఇంక జర..." ఆయన చెబుతున్నాడు, నేను దిద్దుతున్నాను. అన్నం వేళ దాటిపోయింది. ఇద్దరికీ ఆకలి గుర్తులేదు. ఒక చోట ఆయన చెప్పడం ఆపేశాడు. తిరిగి చూస్తే, తువాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. "గిదే బిడ్డా. వచ్చింది. నా ముసల్ది వచ్చింది."

నాకూ కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది.

"అయ్యో, పోయిందా?" తాత గాభరాగా లేచాడు. తెర వెలుగుతూనే ఉంది, ఆమె నవ్వుతూనే ఉంది. ఆ క్షణంలో సేవ్ చేసే రెండు మీటలు నొక్కి ఉంటే సరిపోయేది. నేనేం చేశాను? ఇంజినీరునయ్యాను. "ఏం ఫికర్ లేదు తాతా, దీనికో తీగ పెట్టిన, చూపిస్త రా" అని బల్ల కింద దూరాను. పాపం, ఆయనా మోకాళ్ల మీద వంగి నా పక్కన దూరాడు. ఎలక్ట్రికల్‌లో నాలుగు సబ్జెక్టులు తప్పినవాడు చెబుతుంటే, డెబ్బై ఏళ్ల రైతు ఆ తీగను వేలితో ముట్టుకుని "అబ్బ, ఎంత తెలివి!" అన్నాడు. అదేం తెలివో, అదేం కర్మో, మేమింకా బల్ల కిందే ఉండగా పైన కంప్యూటర్ మూడు నిమిషాలు లెక్కపెట్టుకుని చప్పుడు లేకుండా ఆగిపోయింది.

గంటకు కరెంటు వచ్చింది. పొద్దుటి గుంపు ఫోటో ఉంది. ముక్కు ఉంది, గడ్డం ఉంది. ఆమె లేదు. అన్నీ మళ్లీ అతికించాను, నోరు మళ్లీ గీశాను. ఎవరో ఒకామె వచ్చింది. తుడిచేశాను. ఇంకెవరో వచ్చింది.

"ఎట్లుండె తాతా? మళ్ల చెప్పు, జర చెప్పు" అన్నాను.

"నువ్వు చేసినవ్ గద, గట్లనే."

"అది కాదు తాతా. పెద్దమ్మ ఎట్లుండె?"

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని వెతుక్కున్నాడు. "పొద్దుగాల మంచిగ యాదికుండె బిడ్డా. ఇప్పుడు నువ్వు చేసింది అడ్డమొస్తున్నది. గది గూడ మంచిగ కనవడ్తలేదు."

నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఆయనే నా తల నిమిరాడు, "ఊకో, నువ్వేం చేస్తవ్, కరెంటు గట్ల చేసింది" అంటూ. కరెంటు కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సాయంత్రం బస్సుకు కొంగు అడ్డం పెట్టుకున్న ఫోటోనే పెద్దది చేసి పట్టుకెళ్లాడు.

మర్నాడు నేనూ బావా కోహెడ వెళ్లాం. ఫోటోకు దండ వేసి ఉంది. తాత నన్ను చెయ్యి పట్టి చుట్టాల మధ్యకు తీసుకెళ్లి, "గీ పిలగాడు చూసిండు మా ముసల్దాన్ని. నవ్వుకుంట ఉండె. అవ్ గదా బిడ్డా?" అన్నాడు. అంతమందీ నా వైపు చూశారు. "అవ్ తాతా, నవ్వుకుంట ఉండె" అన్నాను.

ఆ తర్వాత ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడల్లా ఆయన స్టూడియోకు వచ్చేవాడు. ఏ పనీ ఉండేది కాదు. చాయ్ తాగి అదే మాట అడిగేవాడు, నేను అదే జవాబు చెప్పేవాణ్ణి. రెండేళ్లు గడిచాక, ఒక రోజు వచ్చి కూర్చుని, ఏమీ అడగలేదు. తనే మెల్లగా నవ్వి, "రాత్రి యాదికొచ్చింది బిడ్డా. నవ్వితె కుడిదిక్కు జర పైకి పోతుండె" అన్నాడు.

ఆయనకు గుర్తొచ్చింది ఆమె నవ్వో, నేను గీసిన నవ్వో నాకు తెలియదు. అంతవరకూ తెలిసినదీ తెలియనిదీ అందరికీ విడమరిచి చెప్పిన ఆ ఇంజినీరు కుర్రాడు, ఆ ఒక్కసారి నోరు విప్పలేదు. ఈ వయసులో వాణ్ణి తలచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి గానీ, ఆ పూట వాడు ఊరుకున్నందుకు మాత్రం వాడంటే నాకిష్టం.