కొల్లేటి గట్టున ఆగిన టీ

మా ఆయన సైన్యంలో మేజరు. శాంతి పరిరక్షక దళంలో సైనిక పరిశీలకుడిగా ఏడాదిపాటు వేరే దేశానికి ఎంపికయ్యారు. ఆ ఉద్యోగంలో తుపాకీ ఉండదని తెలిసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. కొల్లేటి పక్షులను చూద్దామన్న వంకతో బయలుదేరదీసి, వెళ్లొద్దని చెప్పేద్దామనుకున్నాను.

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే టిఫిను వేళకి ఏలూరు. అక్కడ రోజంతటికీ రెండు వేలకు కారు మాట్లాడుకున్నాం. కైకలూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు అడ్డంగా ట్రాక్టరు! చేపల చెరువు గట్టు తెంపి కోతకొచ్చిన చేలు ముంచారని వరి రైతులు, తెంపలేదని చెరువు వాళ్లు. అందరి చేతుల్లోనూ పారలే.

“వెనక్కి తిప్పేస్తానండీ,” అన్నారు డ్రైవరు మస్తాన్ గారు. మా ఆయన అప్పటికే దిగిపోయారు.

ఉత్త చేతులతో నిలబడి ఇరువైపుల వాళ్లకీ నమస్కారం పెట్టారు. ఒక్కొక్కరు చెప్పేది చివరిదాకా విని, ఒకటే అడిగారు. “మీరు చూశారాండీ, ఎవరైనా చెప్పారాండీ?” తెంపడం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంట్లో ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనపడని మనిషి, గట్టంతా నడిచి చూసొచ్చారు.

ఈలోగా చెరువు యజమాని టీ తెప్పించాడు. మన వైపు ఇచ్చిన టీ కాదంటే ఎంత చిన్నబుచ్చుకుంటారో తెలుసుగా!

“ఆ రైతులు కూడా వచ్చి కూర్చుంటే తాగుతానండీ,” అన్నారీయన.

కాసేపు గొణుక్కున్నారు. చివరికి పెద్ద రైతు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“తప్పెవరిదో మీరే చెప్పండి బాబూ.”

“అది నా పని కాదండీ. చూసింది చెప్తాను. గట్టు ఎక్కడా తెగలేదు. అడుగున తూము దగ్గర నీళ్లు కారుతున్నాయి.”

టీ అయ్యాక యజమానీ, పెద్ద రైతూ కలిసే తూము మూయించడానికి వెళ్లారు. ట్రాక్టరు పక్కకి జరిగింది. హమ్మయ్య అనుకున్నాను, దారి దొరికినందుకు మాత్రమే కాదు.

ఆటపాకలో పడవెక్కాక, గూడబాతులను చూస్తూ, “ఏదో చెప్పాలన్నావు?” అని అడిగారు.

“ఏవండీ, అక్కడ చలా? స్వెట్టరు అల్లుతాను,” అన్నాను.

ఆయన్ని కాచేది ఆయుధమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఓర్పుగా వినడం, ఎవరి పక్షమూ పట్టకపోవడం, చూసిందాన్ని చూసినట్టే చెప్పడం కూడా మనిషిని కాస్తాయని ఆ గట్టు మీద చూశాను. భయం పూర్తిగా పోలేదు గానీ ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పక్షులకు చలికాలం ఉదయమే మేలు, కానీ గట్ల మీద ఎవరైనా టీ ఇస్తే తాగేంత తీరిక ఉంచుకుని బయలుదేరండి.