రాళ్ల మీద విన్న బావ గొంతు

తెనాలిలో మోటార్లు వైండింగ్ చేసే షాపు నాది. కంటికి కనబడకుండా నన్ను కొట్టింది ఇన్నేళ్లలో కరెంటు ఒక్కటే. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని ముఖం మీదే వెక్కిరించినవాణ్ణి. ఇప్పుడు మీరు నన్ను వెక్కిరించినా ఏమీ అనలేను.

మా అక్క భర్తది రేపల్లె. బావకీ నాకూ గాలం పిచ్చి. ఆదివారం వస్తే చాలు, రాడ్లు బండికి కట్టుకుని బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డుకి పోయేవాళ్లం. అక్క ఇద్దర్నీ కలిపి తిట్టేది.

ఇసుక ఒడ్డున మాకో పద్ధతి ఉంది. నీళ్లలో నిలబడి గాలం వేసేవాడు దారం మీదే కన్నుంచుతాడు. వెనకున్నవాడు అలల్ని చూస్తూ కాపలా కాస్తాడు. కాపలావాడు పక్కకి వెళ్లాలంటే ముందున్నవాడి భుజం తట్టి వెళ్లాలి. ఆ హోరులో మాట వినబడదు కాబట్టి నోటితో చెప్పింది లెక్కలోకి రాదు.

పోయినేడాది విశాఖ దాటి ఒక చోటికి వెళ్లాం. అక్కడ కొండ నేరుగా సముద్రంలోకి దిగిపోతుంది. ఇసుక లేదు, కాళ్ల కిందే లోతు. వింత ఏమిటంటే, ఆ రోజు అక్కడ హోరు కూడా లేదు. నీళ్లు రాళ్లని ఒరుసుకుంటూ లేస్తున్నాయి, దిగుతున్నాయి, అంతే. మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఇక భుజం తట్టే పనేముంది అనుకున్నాం.

టిఫిన్ చేసి రాళ్ల మీదికి దిగాం. నేను కింద, బావ పైన ఎత్తు రాతి మీద. కాసేపటికి నాకు పెద్ద చేపే తగిలింది. దారం రాతి అంచుకి రాసుకుంటోంది. ఇంకొంచెం కిందికి దిగకపోతే తెగిపోయేలా ఉంది.

"బావా, చూస్తున్నారా?" అని అరిచాను, వెనక్కి తిరక్కుండానే.

"చూస్తున్నాలేరా, దిగు."

ఒక రాయి దిగాను. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట, అదే గొంతు, మాట చివర ఆయనకు అలవాటైన చిన్న దగ్గుతో సహా. ఇంకో రాయి దిగాను. అది తడిగా ఉంది. దాని మీద కాలు పెట్టానో లేదో సముద్రం అమాంతం లేచింది. పైనుంచి ఒక్క కేక కూడా రాలేదు.

నీళ్లు నన్ను రాతికేసి కొట్టాయి. ఎడమ చెయ్యి రెండు రాళ్ల సందులో ఇరుక్కుంది. చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. పాక్కుంటూ పైకి వచ్చి చూస్తే ఆ ఎత్తు రాతి మీద ఎవరూ లేరు.

బావ రోడ్డు పక్కన టీ కొట్టులో ఉన్నాడు. నన్ను చూసి చేతిలో గ్లాసు వదిలేశాడు.

"నన్నలా వదిలేసి వచ్చారేంటి బావా?" అన్నాను.

"నువ్వే కదరా వెళ్లమంది! మీరు పదండి బావా, నేనూ వచ్చేస్తున్నా అన్నావుగా!"

నేను అనలేదు. చేప కోసం కూర్చున్నవాణ్ణి, చేతిలో రాడ్డు పెట్టుకుని ఎందుకంటాను?

బావ చాలాసేపటి క్రితమే వచ్చాడని టీ కొట్టావిడ చెప్పింది. నేను రక్తంతో రోడ్డెక్కేసరికి ఆయన అక్కతో వీడియో కాల్‌లో ఉన్నాడు. నేను దిగి, పడి, పాక్కుంటూ పైకొచ్చినంత సేపూ తనతోనే మాట్లాడుతున్నారని అక్క కూడా అంది. ఆ కొట్టు నుంచి కేక వేసినా రాళ్ల దగ్గరికి వినబడదు.

భయం తర్వాత ఎప్పుడో వేసింది. ముందు మనసు విరిగింది. దయ్యం నన్ను మోసం చేస్తే చేసింది, దానికీ నాకూ చుట్టరికం లేదు. కానీ కాపలా ఉంటానని నిలబడింది బావ. ఆయన్ని నమ్మే కదా నేను వెనక్కి తిరిగి చూడలేదు!

నా ఎడమ చేతి వేళ్లు ఇప్పటికీ సన్న తీగ పట్టవు. చిన్న మోటార్లు వస్తే పక్క షాపుకి పంపేస్తున్నాను. నేను వెళ్లమన్నాకే వెళ్లానని బావ పిల్లల మీద ఒట్టేశాడు. అక్క ఏడ్చింది. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను ఏదో పని చెప్పి షాపుకి పోతున్నాను.

నాతో మాట్లాడింది ఎవరో, ఆయనతో మాట్లాడింది ఎవరో, ఎంత ఆలోచించినా అంతుబట్టడం లేదు. "అక్కడ మీ గొంతు విన్నాను బావా" అని నేను చెప్పినప్పుడు ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మాడు. ఆయన నా గొంతు విన్నానంటే మాత్రం నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.