మూడు నెలల తీపి

రక్తపరీక్షకు ముందు వారం మాత్రమే పథ్యం చేసి, మంచి రిపోర్టు చూపించి నా భార్యను నమ్మించడం నాకు అలవాటు. నా చూపు మసకబారుతోందని ఆసారి డాక్టరుగారు మూడు నెలల షుగరు పరీక్ష రాశారు. రక్తమిచ్చి, బెంజ్ సర్కిల్లో బందరు బస్సెక్కి, కంకిపాడు దాటకముందే లడ్డు పొట్లం విప్పాను.

పక్కసీటు పెద్దావిడ నా మోచేతి దూదిని చూసి నవ్వింది. "షుగరాండీ?"

"మూడు నెలల పరీక్షండీ, అయిపోయిందిగా! వారం నోరు కట్టుకున్నానండీ."

"ఇది వారానికి లొంగదండీ. కాలేజీలో పిల్లలకి చెప్పేదాన్ని. ఒళ్ళు ప్రొటీన్లకి గుర్తులు తగిలిస్తుంది, తీసేస్తుంది. కణం పని నడిచేది వాటితోనే. చక్కెర మాత్రం పిలవకుండా వచ్చి రక్తకణంలో ప్రొటీన్‌కి అంటుకుంటుంది. ఆ కణం చచ్చేదాకా, అంటే మూడు నెలల పైనే, ఉండి మీరు తిన్నదంతా చెప్పేస్తుంది."

"అయితే మా ఆవిడకి దొరికిపోయానన్నమాట."

"దొరకండి. పాత కణాలు పోతాయి, కొత్తవి పుడతాయి. వాటినైనా బాగా చూసుకోండి."

ఆవిడ నా లడ్డు తీసుకుని చిదిపి, చిటికెడు నా అరచేతిలో పెట్టి, మిగతాది తన నోట్లో వేసుకుంది. "నాకు షుగరు లేదులెండి!"

ఉయ్యూరులో దిగిపోయింది.

రిపోర్టు ఆవిడ చెప్పినట్టే వచ్చింది. దాచకుండా నా భార్య చేతికిచ్చి, బస్సులో జరిగింది కూడా చెప్పాను. ఇప్పుడు ఇంట్లో ఏ తీపి చేసినా నా వంతు చిటికెడే. మిగతాది నా ఎదుటే కూర్చుని, నన్ను చూస్తూ, మా ఆవిడే తింటుంది.